కోఠిలో కొన్న అయస్కాంతపు పెట్టె

మా మనవరాలు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇనుము, రాగి, మాంగనీసు లాంటి పరివర్తన లోహాలుండే డి-బ్లాక్ మూలకాల పాఠంలో అయస్కాంత భ్రామకం (అయస్కాంతంగా ఎంత బలమో చెప్పే కొలత) లెక్క ఏది ఇచ్చినా అర నిమిషంలో చేసేస్తుంది గాని, మాంగనీసు లవణాన్ని అయస్కాంతం లాగడం మాత్రం ఆ పిల్ల ఎన్నడూ కళ్లతో చూడలేదు. వాళ్ల కాలేజీలో ప్రయోగశాల తాళం తీసేది ప్రాక్టికల్ పరీక్షలకు వారం ముందే. డిగ్రీ విద్యార్థులకు ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన నాకు అది మింగుడు పడక, కోఠిలో సైన్సు సామాను అమ్మే ఒక చిన్న దుకాణంలో 2,450 రూపాయలు పెట్టి, పరివర్తన లోహాల అయస్కాంత ధర్మాలను ఇంట్లోనే చూపిస్తుందని చెప్పిన ఒక కిట్టును కొన్నాను. విద్యానగర్‌లోని మా ఇంటి భోజనాల బల్ల మీద మూడు ఆదివారాలు వాడిన తర్వాత ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పెట్టెలో ఎనిమిది గాజు సీసాలు, ఒక్కోదానిలో ఒక్కో గ్రాము లవణం ఉన్నాయి. మాంగనీస్ సల్ఫేటు, మన ఊళ్లలో అన్నభేది అనే ఫెర్రస్ సల్ఫేటు, కోబాల్ట్ క్లోరైడు, నికెల్ సల్ఫేటు, మైలుతుత్తం అనే కాపర్ సల్ఫేటు, పాలతుత్తం అనే జింక్ సల్ఫేటు, వాటితో పాటు పొటాషియం ఫెర్రోసయనైడు, ఫెర్రిసయనైడు. వీటికి తోడు రూపాయి బిళ్ల అంత వెడల్పున్న నియోడిమియం అయస్కాంతం, బంగారం తూచే దుకాణాల్లో కనబడేలాంటి మిల్లీగ్రాముల తరాజు, సీసాను వేలాడదీసే చెక్క చట్రం, పన్నెండు పేజీల తెలుగు పుస్తకం ఇచ్చారు.

ఏర్పాటు తెలివైనది. అయస్కాంతాన్ని తరాజు మీద పెట్టి రీడింగును సున్నా చేసి, దానికి రెండు మిల్లీమీటర్ల పైన చట్రంలో సీసాను నిలపాలి. లవణం పారా అయస్కాంత పదార్థమైతే, అంటే అయస్కాంతం వైపు లాగబడేదైతే, అయస్కాంతాన్ని పైకి లాగుతుంది కాబట్టి తరాజు రీడింగు సున్నా కంటే తగ్గుతుంది. విశ్వవిద్యాలయాల్లో అయస్కాంతపు లాగుడును బరువులో తేడాగా కొలిచే గూయ్ తులతో చేసే పనికి ఇది ఇంటి రూపమన్నమాట. అక్కడ అయస్కాంతం కదలకుండా ఉండి నమూనా తూగుతుంది, ఇక్కడ నమూనా కదలకుండా ఉండి అయస్కాంతం తూగుతుంది. అయితే పుస్తకంలో చెప్పని చిక్కు ఒకటుంది. అయస్కాంతాన్ని నేరుగా పళ్లెం మీద పెడితే తరాజు లోపలి ఇనుప భాగాలు దాన్ని లాగి, అంకెలు కుదురుగా నిలబడవు. మొదటి ఆదివారం సగం ఈ గొడవతోనే పోయింది. నాలుగు వేళ్ల ఎత్తు థర్మోకోల్ దిమ్మను మధ్యలో పెట్టి, సీలింగ్ ఫ్యాన్ ఆపేశాకే అంకె నిలిచింది. మే నెలలో ఈ కిట్టు కొనేవారు ఆ రెండో సంగతిని ముందే లెక్కలో వేసుకోవడం మంచిది.

ఇక అసలు విషయం ఆ పుస్తకంలోని ఆరో పేజీ. అయాన్ల (ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న లోహ పరమాణువుల) ఎలక్ట్రాన్ విన్యాసాలను, అంటే ఏ ఆర్బిటాల్‌లో (ఎలక్ట్రాన్లుండే చోటులో) ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో, పట్టికగా ఇస్తూ, రచయిత ఎవరో గాని, 4ఎస్ ఆర్బిటాల్ ముందు నిండుతుంది కాబట్టి ఎలక్ట్రాన్లు పోయేటప్పుడు 3డి నుంచే పోతాయని భావించి, ఇనుపు అయాన్ అయిన ఫెర్రస్‌కు 3డి4 4ఎస్2 (3డిలో నాలుగు, 4ఎస్‌లో రెండు ఎలక్ట్రాన్లు) అని రాశారు. సరైన విన్యాసం 3డి6. లోహ పరమాణువు అయాన్‌గా మారినప్పుడు 3డి శక్తిస్థాయి 4ఎస్ కంటే కిందికి దిగుతుంది. బయట ఉన్న 4ఎస్ ఎలక్ట్రాన్లే ముందుగా పోతాయి. ముందే బస్సెక్కినా ఫుట్‌బోర్డు మీదే నిలబడ్డవాడు ముందుగా దిగుతాడని నా క్లాసులో చెప్పేవాణ్ణి.

ఈ తప్పు ఇన్నాళ్లూ ఎవరి కంటా పడకపోవడానికి కారణం కూడా ఆ పట్టికలోనే ఉంది. పుస్తకం లెక్క చేసి చూపించిన ఒకే ఒక్క ఉదాహరణ ఫెర్రస్ అయాన్. అయాన్‌లో జతకూడని (ఒంటరి) ఎలక్ట్రాన్లు ఎన్ని ఎక్కువుంటే అయస్కాంతం దాన్ని అంత గట్టిగా లాగుతుంది. 3డి4 4ఎస్2 లోనూ, 3డి6 లోనూ అవి నాలుగే. విన్యాసం తప్పైనా జవాబు 4.90 బోర్ మాగ్నెటాన్లని (అయస్కాంత భ్రామకాన్ని కొలిచే ప్రమాణంలో) సరిగ్గా వచ్చి కూర్చుంది. దాని పక్క వరుసకు వెళితే బండారం బయటపడుతుంది. మాంగనస్ అయాన్‌ను ఇదే పద్ధతిలో 3డి3 4ఎస్2 అని రాస్తే జతకూడని ఎలక్ట్రాన్లు మూడు. నిజానికి అది 3డి5, అంటే ఐదు. కోబాల్ట్ విషయంలో తిరగబడి, మూడు రావలసిన చోట ఐదు వస్తాయి. అంటే ఈ పుస్తకాన్ని నమ్మితే కోబాల్ట్ లవణం మాంగనీసు కంటే గట్టిగా లాగాలి.

తప్పును నేనే చెప్పేయవచ్చు గాని, తరాజు ఎదురుగా ఉండగా నేనెందుకు చెప్పాలనుకున్నాను. మనవరాలు ముందు లేత గులాబి రంగు మాంగనీసు సీసాను చట్రంలోకి జార్చింది. అంకె సున్నా నుంచి జారుతూ పోయి మైనస్ 118 మిల్లీగ్రాముల దగ్గర ఆగింది. ముదురు గులాబి రంగు కోబాల్ట్ సీసాకు అది మైనస్ 57. నికెల్‌కు 22, మైలుతుత్తానికి 8. పాలతుత్తం పెడితే అంకె సున్నాకు ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ ఊగింది తప్ప కదలలేదు. జింక్ అయాన్ 3డి10, అన్నీ జతకూడినవే. కొంతసేపు ఆ అంకెల కేసి చూసి, "తాతయ్యా, అయితే పుస్తకం తప్పా, సీసాల మీద చీటీలు తారుమారయ్యాయా?" అని అడిగింది. ఈ ప్రశ్న కోసమే నేను డబ్బు పెట్టానని అప్పుడనిపించింది.

అయితే గ్రాముకు గ్రాము పోల్చడం న్యాయం కాదు. ఒక గ్రాము మైలుతుత్తంలో ఉండే అయాన్ల సంఖ్య, ఒక గ్రాము మాంగనీస్ సల్ఫేటులో ఉండే వాటికంటే తక్కువ. మొదటిదాని మోలార్ ద్రవ్యరాశి (ఒక నిర్ణీత సంఖ్యలో కణాలకు గ్రాముల్లో ఉండే బరువు) సుమారు 250, రెండోదానిది 169. కాబట్టి ప్రతి రీడింగునూ దాని మోలార్ ద్రవ్యరాశితో గుణించాలి. ఇది పుస్తకంలో ఎక్కడా లేదు, ఉండవలసింది. జతకూడని ఎలక్ట్రాన్ల సంఖ్య n అయితే లాగే బలం n(n+2)కు అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ లెక్కన మాంగనీసుకు 35, ఫెర్రస్‌కు 24, కోబాల్ట్‌కు 15, నికెల్‌కు 8, రాగికి 3, జింకుకు సున్నా రావాలి. మాంగనీసును 35గా పెట్టుకుని మిగిలినవి గుణించి చూస్తే, రాగికి మూడున్నర, నికెల్‌కు పది వచ్చాయి. రెండు వేల నాలుగు వందల యాభై రూపాయల సామానుకు ఇది మెచ్చుకోదగిన ఫలితమే.

కోబాల్ట్ మాత్రం 15 దగ్గర ఆగలేదు, 24 దాకా వెళ్లింది. ఇది తరాజు లోపం కాదు. n(n+2) వర్గమూలమే బోర్ మాగ్నెటాన్లలో భ్రామకం. 24కు అది 4.9, అష్టముఖ పరిసరాల్లో (చుట్టూ ఆరు పొరుగు కణాలతో) ఉన్న కోబాల్ట్ అయాన్‌కు ప్రయోగంలో వచ్చే విలువలు 4.4 నుంచి 5.2 వరకు ఉంటాయని పాఠ్యపుస్తకాలే చెబుతాయి, స్పిన్ (ఎలక్ట్రాన్ తన చుట్టూ తాను తిరగడం) ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకునే సూత్రం మాత్రం 3.87 ఇస్తుంది. ఎలక్ట్రాన్ తన చుట్టూ తాను తిరగడంతో పాటు కక్ష్యలో తిరగడం వల్ల వచ్చే భ్రామకం మాంగనీసులో ఉండదు, ఎందుకంటే సగం నిండిన 3డి5లో అది సున్నా అవుతుంది. కోబాల్ట్‌లో అది చాలావరకు మిగిలి స్పిన్‌కు తోడవుతుంది. ఇంటర్ విద్యార్థి పరీక్షలో 3.87 రాయకపోతే మార్కు పోతుంది, భోజనాల బల్ల మీద మాత్రం 4.9 కనబడుతుంది. ఈ తేడాను చూపించగల సామాను ఇంత ధరలో ఇంకొకటి నాకు తారసపడలేదు.

మా ఇంట్లో అందరికన్నా మా ఆవిడను ఆశ్చర్యపరిచింది పసుపు పచ్చని ఫెర్రోసయనైడు సీసా. అందులో ఉన్నదీ అన్నభేదిలో ఉన్న ఫెర్రస్ అయానే, ఆరు డి-ఎలక్ట్రాన్లే. అయినా తరాజు అంకె కదలలేదు. లోహాన్ని చుట్టుముట్టి ఉండే బలమైన సయనైడు గుంపుల (లైగాండ్ల) మధ్య ఆ ఆరు ఎలక్ట్రాన్లూ మూడు ఆర్బిటాళ్లలోనే జతలుగా సర్దుకుంటాయి, ఒంటరిగా ఒక్కటీ మిగలదు. "ఇనుమున్నా అయస్కాంతం లాగదా?" అని ఆమె మూడుసార్లు సీసా తీసి పెట్టి చూసింది. పక్కనున్న ఎర్రటి ఫెర్రిసయనైడులో ఐదు డి-ఎలక్ట్రాన్లున్నాయి కనుక ఒకటి తప్పనిసరిగా మిగులుతుంది, తరాజు కూడా 9 మిల్లీగ్రాములు తగ్గింది. ఈ రెండు సీసాలను పెట్టెలో చేర్చినవారికి విషయం బాగా తెలుసు. ఆరో పేజీ రాసినవారు వేరే మనిషై ఉండాలి.

లోపాలు ఇంకా ఉన్నాయి. అన్నభేది సీసా బిరడా వదులుగా ఉండడం వల్ల లేత ఆకుపచ్చగా ఉండవలసిన లవణం అంచుల్లో గోధుమ రంగుకు తిరిగింది, అంటే గాలికి కొంత ఫెర్రిక్‌గా మారింది. అలాంటిదాన్ని లెక్కకు తీసుకోలేం. కోబాల్ట్, నికెల్ లవణాలు విషపూరితమైనవని, చేతితో తాకకూడదని, అయస్కాంతాన్ని పేస్‌మేకర్ ఉన్నవారి దగ్గరికి తీసుకుపోకూడదని ఒక్క ముక్క ఎక్కడా రాయలేదు. దీన్ని నేను చిన్న లోపంగా తీసుకోను. హైస్కూలు పిల్లలకు పెద్దవాళ్లు పక్కన లేకుండా ఈ పెట్టె ఇవ్వకండి. గడోలినియం ఆక్సైడు సీసా ఒకటి ఉంటే బాగుండేదన్నది నా ఆశ మాత్రమే. ఏడు జతకూడని ఎఫ్-ఎలక్ట్రాన్లతో 7.94 బోర్ మాగ్నెటాన్లు ఇచ్చే ఆ అయాన్ ముందు మాంగనీసు కూడా చిన్నబోతుంది.

మూడో వారం కోఠికి వెళ్లి చెప్పాను. దుకాణదారు మర్యాదస్తుడు, అన్నభేది సీసాను పైసా తీసుకోకుండా మార్చి ఇచ్చాడు. దాని రీడింగు 54, లెక్కన 26 వచ్చింది, ఫెర్రస్‌కు అది సబబే. ఆరో పేజీ సంగతికి మాత్రం, "సార్, సామాను మంచిగుందా లేదా చూస్తరు గాని, బుక్కు ఎవరు చదువుతరు?" అన్నాడు. ఐదింటికి మూడున్నర ఇస్తున్నాను. సామానుకైతే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. మా పెట్టెలో ఇప్పుడు ఆ పేజీ మీద మనవరాలు తన చేత్తో రాసిన పట్టిక అంటించి ఉంది, పక్కనే మిల్లీగ్రాముల వరుస.