పాలిటీ మెటీరియల్ బాగుంది, పార్టీల చాప్టర్ దగ్గర మాత్రం జాగ్రత్త

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర్లోని ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు గ్రూప్-2 ఉద్యోగ పరీక్ష కోసం వేసిన పాలిటీ మెటీరియల్ గురించి ఇది. పేరు రాయను, ఆకుపచ్చ అట్ట, స్పైరల్ బైండింగ్ అంటే అక్కడ చదివేవాళ్ళకు తెలిసిపోతుంది. ఖరీదు 280. ప్రాథమిక హక్కులు, సవరణలు, పంచాయతీరాజ్ బాగా కుదించి రాశారు, వాటికి వంక పెట్టలేం.

గొడవంతా రాజకీయ పార్టీల చాప్టర్‌తోనే. పార్టీ, స్థాపన, గుర్తు, భావజాలం అని ఒక టేబుల్ వేసి, సీపీఐ ఎదురుగా 'వామపక్షం' అని రాసి, కింద సీపీఎం, ఫార్వర్డ్ బ్లాక్, ఆర్‌ఎస్‌పీలకు డిట్టో గీతలు లాగేశారు. కంకి కొడవలికీ, సుత్తి కొడవలి నక్షత్రానికీ మాత్రం బొమ్మలు ముచ్చటగా వేశారు. తేడా గుర్తులోనే ఉంటే 1964లో కమ్యూనిస్టు పార్టీ సీపీఐ, సీపీఎంలుగా ఎందుకు చీలినట్టు సార్?

అప్పటి తగువు దేశంలో అధికారం ఎవరి చేతుల్లో ఉంది, ఎవరితో కలవాలి అన్నదాని మీద కూడా. జాతీయ బూర్జువా (పెట్టుబడిదారీ) వర్గంలోని ప్రగతిశీలురతో, అంటే కాంగ్రెస్‌లో ఒక భాగంతో కూడా కలిసి 'జాతీయ ప్రజాస్వామ్యం' సాధించాలన్నది సీపీఐ లైను. కాదు, రాజ్యం బడా బూర్జువాల నాయకత్వంలో బూర్జువా-భూస్వాముల చేతుల్లో ఉంది, కార్మికవర్గ నాయకత్వంలో 'జనతా ప్రజాస్వామ్యం' రావాలన్నది సీపీఎం లైను. ఇది పుస్తకాల గోల అనుకుంటే ఎమర్జెన్సీ గుర్తు తెచ్చుకోండి, సీపీఐ సమర్థించింది, సీపీఎం వ్యతిరేకించింది. ఈ ఒక్క ముక్క రాసుంటే పిల్లలు బట్టీ కొట్టకుండానే గుర్తుపెట్టుకునేవాళ్ళు. స్థాపన గడి కూడా అంతే, 1925 అని వేసి వదిలేశారు. సీపీఐ కాన్పూర్, 1925 అంటుంది, సీపీఎం తాష్కెంట్, 1920 అంటుంది.

అన్నిటికంటే కోపం వచ్చింది ఎంఎల్ (మార్క్సిస్టు-లెనినిస్టు) వరుస దగ్గర. 'సీపీఐ (ఎంఎల్) – నిషేధిత సంస్థ' అట! నిషేధం ఉన్నది 2004లో ఏర్పడిన మావోయిస్టు పార్టీ మీద. ఎంఎల్ పార్టీల్లోనే ఒకటైన లిబరేషన్ వాళ్ళు 2020లో బీహార్ అసెంబ్లీకి 12 మంది గెలిచారు, 2024లో ఇద్దరు ఎంపీలు. ఎంఎల్‌లో ఎన్ని దారులున్నాయో తెలియడానికి దూరం కూడా పోనక్కర్లేదు, మన కమ్యూనిస్టు నేత తరిమెల నాగిరెడ్డి చాలు. 1952లో ఇదే అనంతపురంలో బావ నీలం సంజీవరెడ్డిని ఓడించిన మనిషి, 1969లో ఎమ్మెల్యే పదవి వదిలేసి విప్లవం దారి పట్టాడు, అలాగని నక్సల్బరీ నేత చారుమజుందార్ లైనూ ఒప్పుకోలేదు. ఆయన్ని ఈ టేబుల్లో ఏ గడిలో పెడతారో ఆ ఫ్యాకల్టీనే చెప్పాలి. ఇంకా సీపీఐని జాతీయ పార్టీగానే చూపించారు, ఆ హోదా 2023 ఏప్రిల్‌లోనే పోయింది.

టేబుల్ కింద ఒక 'షార్ట్‌కట్' కూడా ఉంది: నియమావళిలో సోషలిజం అని ఉంటే వామపక్షం అనుకోవచ్చట. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ ప్రకారం రిజిస్టరయ్యే ప్రతి పార్టీ సోషలిజానికి కట్టుబడతామని రాసివ్వాలి. ఈ లెక్కన బీజేపీ కూడా వామపక్షమే! ఆ సెక్షన్ ఇదే మెటీరియల్లో ఎన్నికల సంఘం చాప్టర్లో కరెక్టుగానే ఉంది, అదింకా విడ్డూరం. రెండు చాప్టర్లూ వేరువేరు మనుషులు రాసి, ఒకరిది ఒకరు చూసుకోలేదేమో.

ఈ పార్టీల సంగతి కౌంటర్‌లో చెబితే 'పరీక్షలో అంత లోతుగా అడగరు అన్నా' అన్నారు. జతపరచండి ప్రశ్నలకు ఒక్క తప్పు గడి చాలు మార్కు పోవడానికి, నెగెటివ్ మార్కులు వేరే.

అయిదుకి మూడు ఇస్తున్నా, ఆ మూడూ మిగతా చాప్టర్లకే. కొనేవాళ్ళు కొనండి, పార్టీల చాప్టర్ మాత్రం పక్కన పెట్టి, సీపీఐ, సీపీఎం వెబ్‌సైట్లలో వాళ్ళ పార్టీ కార్యక్రమం ఉంటుంది, అది చదువుకోండి. సీనియర్ల దగ్గర పాత కాపీ దొరికితే 280 పెట్టే పని కూడా లేదు, నేను చూసినంతలో రెండు ప్రింట్లకూ మారింది అట్ట రంగే.