సీఫేరర్స్ సెంటర్లు: షిప్పు దిగితే ముందు వెళ్ళాల్సింది ఇక్కడికే

పోర్టుల్లో షిప్పు వాళ్ళ కోసం నడిపే సీఫేరర్స్ సెంటర్ల గురించి రాస్తున్నా, ముఖ్యంగా మిషన్ టు సీఫేరర్స్ వాళ్ళవి, 1856 నుంచి ఉన్న సంస్థ, రెక్కల దేవదూత లోగో ఉంటుంది చూడండి, వాళ్ళే. 5కి 4 ఇస్తాను.

ముందు వ్యాన్ గురించే చెప్పాలి. కంటైనర్ టెర్మినల్ లోపల నడవనివ్వరు, గేటేమో ఎక్కడో ఉంటుంది, టాక్సీ లోపలికి రాదు, దొరికిన రెండు మూడు గంటలు దానికే సరిపోతాయి. చాలా పోర్టుల్లో వీళ్ళ వ్యాన్ వచ్చి ఎక్కించుకుని, టైముకి మళ్ళీ దింపేస్తుంది. ఇంటికెళ్ళి ఎన్నాళ్ళైందని డ్రైవర్ అడుగుతాడు, అడగడమే కాదు జవాబు వింటాడు కూడా. లోపల వైఫై, పూల్ టేబుల్, సిమ్ కార్డులు, చలి పోర్టుల్లో అయితే ఎవరో చేత్తో అల్లి పంపిన ఉన్ని టోపీలు ఊరికే ఇస్తారు. మా ఫిట్టర్ ఫోన్‌ని కప్పుకి ఆనించి, వీడియో కాల్‌లో కూతురికి పేపర్ మీద భాగహారం చేసి చూపిస్తున్నాడు, గోళ్ళల్లో గ్రీజు ఇంకా పోలేదు.

చర్చి సంస్థ కదా అని కొందరు వెనకాడతారు. ఏ మతమని ఎవరూ అడగరు, మొహమాటం లేకుండా వెళ్ళండి.

ప్రపంచ వాణిజ్యంలో పరిమాణం లెక్కన 80 శాతం పైగా ఓడల మీదే నడుస్తుంది, నడిపేది సుమారు 19 లక్షల మందిమి. 2011 నుంచి జూన్ 25న సీఫేరర్ డే చేస్తున్నారు, సంతోషమే, కానీ 2020లో కోవిడ్ అప్పుడు కాంట్రాక్ట్ అయిపోయినా దాదాపు 4 లక్షల మంది దిగే దారి లేక ఓడల్లోనే ఉండిపోతే, మమ్మల్ని కీ వర్కర్స్, అంటే అత్యవసర పనివాళ్ళు అని ఒప్పుకోడానికి చాలా దేశాలకి నెలలు పట్టింది. అప్పుడు కూడా గ్యాంగ్‌వే (షిప్పు దిగే మెట్లు) కింద సిమ్ కార్డులు, సామాన్లు పెట్టి చెయ్యి ఊపి వెళ్ళింది ఇలాంటి సెంటర్ల వాళ్ళే. నాకు గుర్తింపంటే అదీ.

ఒక మార్కు తగ్గించింది టైమింగ్స్‌కి. చాలాచోట్ల రాత్రి మూసేస్తారు, ఇప్పటి కంటైనర్ షిప్పులేమో ఒక్కోసారి రోజు కూడా నిలవవు, వాచ్ (డ్యూటీ) దిగి స్నానం చేసొచ్చేసరికి తలుపులు వేసుంటాయి. విరాళాలు, వాలంటీర్ల మీద నడిచేది కాబట్టి గట్టిగా అడగలేం. షోర్ లీవ్, అంటే పోర్టులో ఒడ్డుకి దిగే సెలవు, మన హక్కని ఎంఎల్‌సీ 2006 అనే నావికుల అంతర్జాతీయ ఒప్పందంలో రాసుంది, అయినా కొన్ని టెర్మినల్స్ కిందకే దిగనివ్వవు, అలాంటప్పుడు సెంటర్ వాళ్ళే షిప్పెక్కి వచ్చి పలకరిస్తారు.

పోర్టుకి ముందు రోజే మెసేజ్ పెట్టండి, షిప్పు పేరు, బెర్త్ (షిప్పు ఆగే చోటు), ఎంతమంది వస్తారో చెప్తే చాలు. గ్యాలీ (షిప్పు వంటగది) వాళ్ళని కూడా లెక్కలో వేయండి, వాళ్ళకే దిగే వీలు తక్కువ.