మాధవరంలో దొరికే లారీ ఫ్లెక్స్ పైపులు: ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

నెల్లూరు నుంచో విజయవాడ నుంచో లోడుతో చెన్నై వచ్చిన లారీకి టర్బో (ఇంజనులోకి గాలి నెట్టే భాగం) వెనకాల ఉండే ఫ్లెక్స్ పైపు, అంటే పొగగొట్టంలో ఇంజను కదలికకు వంగే ముక్క, దగ్గర బుస్సుమని చప్పుడు మొదలైతే, ఆ లారీ మాధవరం దగ్గర జీఎన్‌టీ రోడ్డు మీదే ఏదో ఒక సైలెన్సర్ కొట్టు ముందు ఆగుతుంది. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబొస్తుంది. "ఏ బండన్నా?" అంటారు, మోడల్ పేరు వినగానే లోపల్నుంచి పైపు తెచ్చి చేతిలో పెడతారు. చిక్కంతా అక్కడే ఉంది. పేరు ఒకటే అయినా బీఎస్3 (బీఎస్ అంటే బండి పొగకు ప్రభుత్వం పెట్టిన కాలుష్య ప్రమాణం) బండికీ, 2017 తర్వాతి బీఎస్4 బండికీ, 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 బండికీ పైపు వేరు, చివర్లు వేరు. పాతది విప్పి, కొలిచి, ఆ కొలత చెప్పి కొనండి.

కొట్లలో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది రేకును చుట్టలు చుట్టలుగా ఒకదాన్లో ఒకటి కొక్కెం వేసి చేసిన ఇంటర్‌లాక్ పైపు. చవక, దుకాణంలోనే కావలసినంత పొడవు కోసిస్తారు. కానీ చుట్టల మధ్య సందు ఉంటుంది కాబట్టి పొగ ఎంతో కొంత బయటికి వస్తూనే ఉంటుంది. పాత బీఎస్3 టిప్పరుకు పర్వాలేదు, బీఎస్6 బండికి మాత్రం వద్దు. రెండోది అకార్డియన్ మడతల్లాంటి ఒంటి బెల్లో, అంటే ముడతల రేకు గొట్టం. పొగ లీకవదు గానీ, లోపల గొట్టం లేకపోవడంతో వేడి గాలి నేరుగా మడతలకే తగిలి అక్కడే చిట్లుతుంది. మూడోది లోపల ఇంటర్‌లాక్ గొట్టం, మధ్యలో బెల్లో, పైన స్టీలు తీగల అల్లిక. ధర ఎక్కువే. అయినా మా ఓటు దీనికే. దీని మీద బాణం గుర్తు ఉంటే అది పొగ వెళ్లే దిక్కు చూపాలి. తిరగేసి బిగిస్తే లోపలి చుట్టల అంచులు గాలికి ఎదురు నిలిచి లేస్తాయి.

స్టెయిన్‌లెస్ అవునో కాదో తేల్చడానికి కౌంటర్లో అయస్కాంతం పెట్టి చూపిస్తారు, అంటుకుంటే నకిలీ అంటారు. అది తప్పు. సైలెన్సర్లకు విరివిగా వాడే 409 రకం స్టెయిన్‌లెస్ స్టీలే అయినా అయస్కాంతానికి అంటుకుంటుంది. 304 రకం దాదాపు అంటుకోదు. ఎన్నూరు రోడ్డులో సముద్రపు గాలికి గంటల తరబడి నిలబడే కంటైనర్ ట్రెయిలర్లకు 304 మీద పెట్టే డబ్బు వృథా కాదు. మామూలు ఇనుప పైపును ఆ ఉప్పుగాలి వెల్డింగు దగ్గరే ముందు తినేస్తుంది.

కొలతలో జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే, లోపలి, బయటి వ్యాసాలు కలగలిపేయడం: ఫ్లెక్స్‌కు లోపలి వ్యాసం, అది ఎక్కే పైపుకు బయటి వ్యాసం చూడాలి. నాలుగంగుళాల పైపు అంటే బయట 101.6 మిల్లీమీటర్లు. టేపుతో కాదు, వెర్నియర్‌తో చూడండి. స్టాకు లేదని మూడంగుళాలది పెట్టి రెండు వైపులా రెడ్యూసర్ (సైజు మార్చే గొట్టం) వెల్డు చేసిస్తామంటే ఒప్పుకోకండి. పొగ వెళ్లే దారి 44 శాతం తగ్గిపోతుంది. వెనక ఒత్తిడి పెరిగి టర్బో వేడెక్కుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది, ఘాట్‌లో బండి లాగదు.

క్లాంపుల్లో యూ బోల్టు చవకే గానీ పైపును నొక్కి గాడి పెట్టేస్తుంది. మళ్లీ విప్పాలంటే కోయాల్సిందే. వెడల్పు పట్టీ క్లాంపు పైపంతా సమంగా పట్టుకుంటుంది. టర్బో దగ్గరి వీ బ్యాండు క్లాంపు సాగిపోయి ఉంటే కొత్తదే వేయాలి. బిగించేటప్పుడు చుట్టూ మెల్లగా తడుతూ మళ్లీ బిగిస్తే సమంగా కూర్చుంటుంది. విప్పిన గాస్కెట్ మళ్లీ వాడకండి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే వడపోత) దగ్గరైతే అసలే వాడకూడదు.

బీఎస్6 బండికి ఈ పైపు వెనకాలే డీఓసీ (పొగను మొదట శుద్ధి చేసేది), డీపీఎఫ్, యూరియా చిమ్మే డోసరు, ఎస్‌సీఆర్ (ఆ యూరియాతో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించేది) ఉన్న పెట్టె ఉంటుంది. ముందు లీకుంటే పెట్టెకు చేరాల్సిన వేడి దారిలోనే పోతుంది, రీజనరేషన్ (డీపీఎఫ్‌లోని మసిని కాల్చేయడం) పూర్తి కాదు, మసి పేరుకుని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. హార్బర్ క్యూలో ఇంజను ఆన్‌లో పెట్టుకుని నిలబడే బండ్లకు ఈ బాధ రెట్టింపు. డోసరు తర్వాతి కీలు దగ్గర తెల్లటి ఉప్పులాంటి పొర కనిపిస్తే అది యూరియా, అంటే ఆ కీలు లీకవుతోంది. పొగగొట్టం చివర లోపల వేలితో తుడిస్తే నల్లటి మసి అంటిందా, లోపలి డీపీఎఫ్ పగిలినట్టే, ఫ్లెక్స్ మార్చి లాభం లేదు. పాత విడిభాగాల బజారు పుదుపేటలో పాత డీపీఎఫ్ దొరికినా కొనకండి, లోపలి ఇటుక (వడపోసే దిమ్మె) సంగతి పైనుంచి తెలియదు. అక్కడ బ్రాకెట్లు, వేడి రేకులు కొనుక్కోవచ్చు. కంపెనీ డబ్బాలో నంబరు చూసి కొనాలంటే జనరల్ ప్యాటర్స్ రోడ్డు నయం.

లీకు ఎక్కడో తేల్చడానికి ఒక కిటుకు. ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి బండిని నెమ్మదింపజేసే బ్రేకు) వేసినప్పుడే బుస్సుమంటే రంధ్రం బ్రేకు వాల్వుకు ముందుంది. లేదంటే ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వెంటనే కీళ్ల మీద సబ్బునీళ్లు పోయండి, బుడగలు చెప్పేస్తాయి.

ఇక బిగింపు పని. ఈ రోడ్డులో బిగించేవాళ్లది చురుకైన చేయి, కానీ తొందర ఎక్కువ. కొత్త పైపు మూడు నెలలకే తెగిందంటే తప్పు పైపుది కాకపోవచ్చు. ఇంజను మౌంటు రబ్బరు నలిగిందా, సైలెన్సర్ బ్రాకెట్ బోల్టు ఊడిందా అని అడిగి చూపించుకోండి. అలా ఉంటే ఆ బరువంతా ఫ్లెక్స్ మీదే వేలాడుతుంది. క్లాంపులన్నీ వదులుగా వేసి, పైపు ఎక్కడా మెలి తిరక్కుండా, పూర్తిగా సాగకుండా, పూర్తిగా ముడుచుకోకుండా మధ్యస్థంగా కూర్చున్నాకే టర్బో వైపు నుంచి వెనక్కి బిగించాలి. వెల్డింగు తప్పదంటే బ్యాటరీ, ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) కనెక్టర్లు తీయించండి, పైపును కిందకి దించి చేయించండి. బండి మీదే ఎలక్ట్రోడ్ పెడతానంటే వేరే కొట్టుకు వెళ్లండి. ఇంత అడిగినా విసుక్కోకుండా చేసిచ్చే కొట్టుకే మళ్లీ వెళ్తాం.

పట్టీ క్లాంపులు వేడికి సర్దుకుంటాయి కాబట్టి 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య ఒకసారి మళ్లీ బిగించాలి. ఉత్తరానికి వెళ్లే బండైతే సూళ్లూరుపేట దగ్గర టీకి ఆగి, పైపు చల్లారాక పానా పెట్టి చూసుకుంటే సరిపోతుంది.