టెలీ మానస్ 14416: అయిదో నెలలో నాకు అందిన సాయం

మందుల దుకాణంలో ఒకాయన చీటీ చూసి "కడుపుతో ఉండి ఈ మాత్రలేంటమ్మా" అనడంతో, రెండేళ్లుగా వాడుతున్న కుంగుబాటు, ఆందోళనల మందు సెర్ట్రలిన్‌ను ఆ రాత్రే మానేశాను. నాలుగో రోజుకు తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం మొదలయ్యాయి. మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడి, నా మాట చివరిదాకా విని, మానసిక వైద్యురాలికి కలిపారు. మందు హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చని, గర్భిణులకు వైద్యులు తరచుగా ఎంచుకునేవాటిలో సెర్ట్రలిన్ ఒకటని, మూర్ఛకు, కొన్ని మానసిక జబ్బులకు ఇచ్చే సోడియం వాల్‌ప్రోయేట్ వంటివి మాత్రం బిడ్డకు హాని చేస్తాయని, పుట్టిన బిడ్డలో కొద్ది రోజులు వణుకు, చిరాకు కనిపిస్తాయేమో గమనించాలని ఆమె ఓపికగా వివరించారు. మోతాదును నా వైద్యులే నిర్ణయించాలన్నారు. ఆ నిజాయితీయే నాకు అన్నిటికంటే నచ్చింది. 2022లో మొదలైన ఈ ప్రభుత్వ సేవ 24 గంటలూ ఉచితం. మర్నాడే ప్రసూతి వైద్యురాలిని కలిసి మాత్ర మళ్లీ మొదలుపెట్టాను.