పాత క్యామ్రీ హైబ్రిడ్డా, పాత లెక్ససా: ఏది మేలు?

విజయవాడలో ఉండే మా బావగారికి ఉన్నట్టుండి లెక్సస్ మీద, అంటే టయోటావారి ఖరీదైన బ్రాండు మీద, మనసు పోయింది. 2018లో ఈ తరం ఈఎస్ 300హెచ్ మోడల్ మన దేశంలోకి వచ్చినప్పుడు దాని షోరూము ధర 59 లక్షల పైచిలుకు. అందులో సగం కూడా పెట్టకుండా ఒకటి ఇప్పిస్తానని ఒక మధ్యవర్తి ఆశ పెట్టాడట. అదే మనిషి దగ్గర 2019 టయోటా క్యామ్రీ హైబ్రిడ్ కూడా ఉంది. హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజనుకు తోడు విద్యుత్ మోటారు, దానికో పెద్ద బ్యాటరీ ఉండే బండి. ఆ లెక్ససూ అలాంటిదే. “నువ్వు ఆరేళ్లుగా క్యామ్రీయే నడుపుతున్నావు కదా, ఏది కొనమంటావు?” అని ఫోను చేశారు. నాది 2014 బండి, అంతకు ముందు తరానిది. కాబట్టి పోలికలో అదీ ఒక మూల కూర్చుంటుంది.

ముందుగా ఒక మాట చెప్పాను. బావగారూ, మీరు చూస్తున్నవి రెండు కార్లు కావు, ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు. రెండింటిలోనూ అదే 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, మోటారుతో కలిపి అదే 218 హార్స్‌పవర్, అడుగున అదే చట్రం, వెనుక సీటు కింద అదే నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. లెక్సస్‌కు ఎక్కువ పెట్టిన డబ్బు సీటు తోలుకు, పెయింటుకు, లోపలి నిశ్శబ్దానికి పోయింది. హైబ్రిడ్ యంత్రానికి కాదు. “హైబ్రిడ్ అంటే భయం, అందుకే ఖరీదైనది కొంటాను” అనే వాదన ఇక్కడ నిలవదు. ఒకదానికి వచ్చే జబ్బు రెండోదానికీ వస్తుంది.

ఆ జబ్బులు జనం అనుకునేవి కావు. స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్, క్లచ్చి, గేర్ల పెట్టెలో బెల్టు ఇవేవీ ఈ కార్లలో లేవు. లేనివి చెడిపోవు. రెండు మోటార్లను, ఇంజనును ఒక పళ్లచక్రాల గుత్తి కలుపుతుంది. దాని నూనె జీవితాంతం మార్చక్కరలేదనే మాట నమ్మకుండా లక్ష కిలోమీటర్ల లోపు ఒకసారి మార్పిస్తే అది కారు కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. బ్రేకు వేసినప్పుడు సగం పని మోటారే చేస్తుంది కనుక బ్రేకు ప్యాడ్లు కూడా తొందరగా అరగవు.

అసలు ఖర్చు మూడు చోట్ల పొంచి ఉంటుంది.

మొదటిది బ్యాటరీ. నా 2014 బండిలో దాని వోల్టేజీ 244.8. ఒక్కొక్కటి 7.2 వోల్టుల చొప్పున 34 మాడ్యూళ్లు, అంటే చిన్న బ్యాటరీలు, వరసగా పేర్చి ఉంటాయి. అందులో ఒక్కటి నీరసించినా మిగతా 33 దానితోపాటు కుంటుతాయి. బయట కొందరు ఆ ఒక్కదాన్ని తీసి పాతదే ఇంకొకటి పెట్టి తక్కువలో ముగిస్తారు. ఏడాది తిరగకుండా పక్కది పడుకుంటుంది. కొత్త పెట్టె అంటే లెక్క లక్షల్లోనే. దీన్ని చంపేది కిలోమీటర్ల కంటే వేడి, వయసు. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను కారు లోపలి గాలినే పీలుస్తుంది. వెనుక సీటు దగ్గర ఉన్న ఆ గాలి రంధ్రం ముందు సామాన్లు పేర్చినా, దాని జాలీ దుమ్ముతో మూసుకుపోయినా, మే నెలలో ఏసీ లేకుండా నడిపినా బ్యాటరీకి జ్వరమే. జాలీ విప్పి శుభ్రం చేయడం పది నిమిషాల పని. అయినా నేను చూసిన పాత బళ్లలో అది చేయించినవాళ్లు అరుదు.

వారంటీ సంగతి ఇక్కడే చూసుకోవాలి. టయోటా మన దేశంలో 2021 ఆగస్టు నుంచి హైబ్రిడ్ బ్యాటరీ వారంటీని మూడేళ్ల నుంచి 8 ఏళ్లకు, లక్ష కిలోమీటర్ల నుంచి 1,60,000కు పెంచింది. అంటే 2019 బండి కంటే 2022 బండికి అదనంగా పెట్టే డబ్బులో కొంత బ్యాటరీకి బీమాలాంటిది. బావగారు చూస్తున్న క్యామ్రీ ఆ పెంపుకు ముందుదే.

రెండోది బ్రేకు ఆక్చుయేటర్, అంటే బ్రేకులకు ఒత్తిడి అందించే పంపు ఉన్న పెట్టె. డ్రైవరు తలుపు తెరవగానే ముందువైపు నుంచి సన్నగా బుయ్యిమని పంపు మోత వినిపిస్తుంది, అది సహజం. బండి ఆగి ఉండగా, పెడల్ తాకకుండానే, కొద్ది సెకన్లకోసారి ఆ మోత మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం లోపల ఒత్తిడి కారిపోతున్నట్టు. చిన్నగా బాగుచేసే వస్తువు కాదది, మొత్తం మార్చాలి. మార్చాక బ్రేకుల్లో గాలి తీయడానికి కూడా కంప్యూటర్ కావాలి. మామూలు షెడ్డులో జరిగే పని కాదు.

మూడోది ఏసీ. ఇది నా సొంత మూర్ఖత్వం. ఈ కార్లలో ఏసీ కంప్రెసర్‌ను బెల్టు తిప్పదు, అధిక వోల్టేజీ మోటారు తిప్పుతుంది. అందుకని దానికి విద్యుత్తును పారనివ్వని ప్రత్యేకమైన నూనె పోయాలి. మామూలు కార్లకు పోసే నూనె కొంచెం కలిసినా లోపలి ఇన్సులేషన్ దెబ్బతిని, కారు భద్రత కోసం తనను తానే ఆపేసుకుంటుంది. మా వీధి చివర ఒక గ్యారేజీలో గ్యాసు నింపించి కొన్ని వందలు మిగుల్చుకున్నాను. మూడు వారాల తర్వాత కంప్రెసర్ కొన్నాను. ఏనుగును కొని అంకుశానికి బేరమాడటం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

వీటన్నిటికీ రెండు బళ్లూ సమానమే. మరి లెక్సస్ ఎక్కడ విడిపోతుంది? దగ్గరలో ఉన్న సర్వీసు దగ్గర, గీతపడితే పడే బిల్లు దగ్గర. క్యామ్రీకి విజయవాడలోనూ విశాఖలోనూ టయోటా షెడ్లు ఉన్నాయి. టయోటాదే అయిన ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌ల పుణ్యమా అని ఆ మెకానిక్కులకు అధిక వోల్టేజీ పారే నారింజ రంగు తీగలు చూస్తే చేతులు వణకడం లేదు. లెక్సస్ కోసం బావగారు హైదరాబాదు రోడ్డెక్కాల్సిందే. ఇంజను లోపలి భాగాలు చాలావరకు రెండింటికీ ఒకటే అయినా హెడ్‌ల్యాంపు, బంపరు, తెర, అద్దం వంటివి లెక్సస్‌కు వేరు. బెంజి సర్కిల్‌లో ఒక ఆటో పక్కనుంచి రాసుకుపోతే తేడా తెలుస్తుంది. 2020లో ఈఎస్‌ను కర్ణాటకలోని బిడదిలో బిగించడం మొదలుపెట్టారు. 2018, 2019 బళ్లు మాత్రం పూర్తిగా దిగుమతి అయినవి. బీమా కట్టేవారు ఈ తేడా మరవరు.

వెనుక సీటులో కూర్చుని పేపరు చదువుకునే మనిషికి లెక్సస్ తగినదే, ఆ నిశ్శబ్దం క్యామ్రీలో రాదు. కానీ 2019 క్యామ్రీ వెనుక సీటు కూడా మీట నొక్కితే వాలుతుంది, ఏసీ మీటలు చేతికిందే ఉంటాయి. బావగారు తన కారు తానే నడుపుతారు. ఇక ఆ నిశ్శబ్దం అక్కయ్యకు.

నా బండి లాంటి 2013–2018 క్యామ్రీ ఇంకా చవక. అయితే బ్యాటరీ డిక్కీలో కొంత తినేస్తుంది, వయసూ మీద పడింది. ఏటా 12,000 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 15 చొప్పున 800 లీటర్లు. ఇంతే పెద్ద మామూలు పెట్రోలు ఆటోమేటిక్‌కు 9 చొప్పున 1,333. లీటరు 110 రూపాయలు వేసుకున్నా ఏటా 58 వేల పైన మిగులు. ఐదేళ్లలో అది కొత్త బ్యాటరీ ఖర్చును చాలావరకు మోస్తుంది. ఏటా 5,000 కిలోమీటర్లే తిరిగేవారికి మిగిలేది 24 వేలు, బ్యాటరీ మాత్రం వాళ్ల కోసం వయసు ఆపుకోదు. అలాంటివారు హైబ్రిడ్ జోలికి పోకపోవడమే మంచిది. వారాల తరబడి కదపకపోతే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా చచ్చి కూర్చుంటుంది.

2016లో వచ్చిన హోండా అకార్డ్ హైబ్రిడ్ కూడా అప్పుడప్పుడు కనబడుతుంది. చక్కని బండి. దిగుమతి చేసి కొద్దిగా అమ్మి ఆపేశారు. స్పేర్ల కోసం ఎదురుచూసే ఓపిక ఉంటే తప్ప వద్దు.

తూచి చూస్తే నా ఓటు 2019 క్యామ్రీకి. హైదరాబాదులో ఉండి, డ్రైవరును పెట్టుకుని, బ్యాటరీకి మూడు నాలుగు లక్షలు పక్కన పెట్టుకోగలిగితే లెక్సస్. ఇది చెప్పినా బావగారి మనసు మారలేదు. సరే, చూద్దాం పదండని వెళ్లాం. మెరిసిపోతోంది బండి. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే బ్యాటరీ బ్లాకుల్లో వోల్టేజీలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి, అంటే ఏదీ నీరసించలేదు. బావగారి మొహం వెలిగింది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఈ ఊళ్లో ఎన్ని కార్లు మునిగాయో ఆయనే నాకు ఫోనులో చెప్పారు. ఈ తరం కార్లలో బ్యాటరీ వెనుక సీటు కింద ఉంటుంది, నీళ్లు ముందు చేరేది అక్కడికే. వెనుక సీటు బెల్టును చివరిదాకా లాగమన్నాను. లాగారు. మొదట నల్లగా, ఆపైన నల్లగా, చివరి జానెడు మట్టి రంగులో వచ్చింది. బావగారు బెల్టు వదిలేసి, “ఆ క్యామ్రీ ఎక్కడుందన్నాడు?” అని అడిగారు.