గిట్‌తో వచ్చే ప్రీ-పుష్ నమూనా స్క్రిప్టు: వాడదగ్గదేనా?

నిస్సందేహంగా వాడదగ్గదే. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, మార్పులను రిమోట్ రిపాజిటరీకి పంపే (పుష్) ముందు ఇది నడుస్తుంది; సందేశం డబ్ల్యూఐపీ (పని ఇంకా పూర్తికాలేదు) అని మొదలయ్యే కమిట్ (నమోదు చేసిన మార్పు) కనబడితే పుష్‌ను ఆపేస్తుంది. అందులో నాకు బాగా నచ్చింది సున్నాల ఐడీని (ఒక వైపు బ్రాంచి లేదని తెలపడానికి గిట్ ఇచ్చే, అన్నీ సున్నాలే ఉన్న ఐడీని) పట్టుకునే తీరు. పాత స్క్రిప్టుల్లో 40 సున్నాలు నేరుగా రాసేవారు. ఐడీలకు షా-256 అనే హ్యాష్ పద్ధతి వాడే రిపాజిటరీలో ఐడీ 64 అక్షరాలు కాబట్టి ఆ పోలిక ఎప్పటికీ కుదరదు. ఈ నమూనా మాత్రం ఖాళీ ఇన్‌పుట్‌ను ఐడీ లెక్కించే హ్యాష్-ఆబ్జెక్ట్ కమాండ్‌కు ఇచ్చి, వచ్చిన ఐడీలోని ప్రతి అక్షరాన్నీ టీఆర్ కమాండ్‌తో సున్నాగా మారుస్తుంది. పొడవు ఎంతైనా సరిపోతుంది.

లోకల్ ఐడీ సున్నాలైతే బ్రాంచి తొలగింపు, రిమోట్ ఐడీ సున్నాలైతే కొత్త బ్రాంచి. ఈ తనిఖీ లేకుండా రెండు ఐడీల మధ్య రెండు చుక్కలు పెట్టి, కమిట్ల జాబితా ఇచ్చే రెవ్-లిస్ట్ కమాండ్‌కు ఇస్తే, సున్నాల పేరుతో ఆబ్జెక్టే లేదు కనుక అక్కడే ఎర్రర్.

లోపం ఒకటుంది: కొత్త బ్రాంచికి చరిత్ర మొత్తం వెతుకుతుంది. పాత కమిట్‌లో డబ్ల్యూఐపీ అని ఉన్నా పుష్ ఆగిపోతుంది. రెవ్-లిస్ట్ కమాండ్‌లో రేంజి తర్వాత విడిగా నాట్, రిమోట్స్ ఆప్షన్లు (--not --remotes) రెండూ చేర్చుకోండి; రిమోట్‌లో ఇప్పటికే ఉన్నాయని గిట్‌కు తెలిసిన కమిట్లను అవి వదిలేస్తాయి.