పచ్చ స్టిక్కర్ పడిన తరువాతే చెక్కు: న్యూజెర్సీలో మా బేస్‌మెంట్ కాంట్రాక్టర్ గురించి

న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో పనిచేసే ఒక చిన్న కాంట్రాక్టింగ్ సంస్థ చేత మా ఇంటి బేస్‌మెంట్ (నేలమాళిగ) పని మొత్తం చేయించుకున్నాము. గుంటూరు నుంచి అత్తగారూ మామగారూ వచ్చి నెలల తరబడి ఉన్నప్పుడు వారికంటూ ఒక పడకగది, స్నానాలగది, కూర్చోవడానికి చిన్న హాలు ఉండాలన్నది మా కోరిక. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. పనితనానికి ఐదుకు నాలుగున్నర మార్కులు, డబ్బు అడిగే పద్ధతికి రెండున్నర ఇస్తాను.

ముందుగా పనితనం. స్నానాలగది డ్రెయిన్ కోసం కాంక్రీటు నేలను పగలగొట్టి పైపులు వేసిన తరువాత, ప్లంబింగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా ఆ గాడిని తెరిచే ఉంచాలి. వారాంతానికి ముందే కాంక్రీటు పోసేద్దామని పనివారు సిద్ధపడితే, సంస్థ సూపర్‌వైజరు స్వయంగా వచ్చి ఆపించాడు. పూడ్చేసిన పైపును ఏ ఇన్‌స్పెక్టరూ ఆమోదించడు, మళ్ళీ పగలగొట్టాల్సిందే అని వారికి ఓపికగా చెప్పాడు. పునాది గోడకు ఫోమ్ బోర్డు ఆనించి, దాని ముందు స్టడ్‌లు (గోడకు ఆధారమైన నిలువు చెక్కలు) నిలబెట్టారు. నేలకు తగిలే అడుగు చెక్కకు ప్రెషర్ ట్రీటెడ్ కలపనే వాడారు. టైల్స్ పని, డ్రైవాల్ (గోడలకు బిగించే జిప్సం పలకలు) అతుకుల నునుపు చూసినవారంతా మెచ్చుకున్నారు.

ఇబ్బంది అంతా చెల్లింపుల పట్టికతోనే వచ్చింది. వారు మొదట పంపిన ఒప్పందంలో సంతకం రోజున 40 శాతం, ఫ్రేమింగ్ (గోడల చెక్క చట్రం) మొదలుపెట్టిన రోజున 30 శాతం, డ్రైవాల్ సరుకు దిగిన రోజున 25 శాతం, చివరికి 5 శాతం అని ఉంది. గమనిస్తే, ఇందులో ఒక్క వాయిదా కూడా టౌన్‌షిప్ (స్థానిక పురపాలక సంస్థ) తనిఖీతో ముడిపడి లేదు. గోడలు మూసే సమయానికి 95 శాతం సొమ్ము వారి చేతికి చేరిపోతుంది. ఆ తరువాత ఇన్‌స్పెక్టర్ ఏదైనా తప్పు పడితే దాన్ని సరిచేయించడానికి మన దగ్గర మిగిలేది ఆ 5 శాతమే. మన ఊళ్ళలో ఇల్లు కట్టించేవారు పునాదికి ఇంత, స్లాబుకు ఇంత అని దశలవారీగా ఇవ్వడం అందరికీ తెలిసిందే. అయితే అక్కడ దశ పూర్తయిందో లేదో యజమాని, మేస్త్రీ కలిసి తేల్చుకుంటారు. ఇక్కడ ఆ మాట చెప్పే అధికారం ఉన్న మూడో వ్యక్తి, మనం కట్టిన పర్మిట్ ఫీజుతోనే, మన ఇంటికి వస్తాడు. అతని తీర్పును చెల్లింపుకు కొలతగా పెట్టుకోకపోవడం చేతిలో ఉన్న రక్షణను వదులుకోవడమేనని నా గట్టి అభిప్రాయం.

న్యూజెర్సీ చట్టం కూడా ఈ విషయంలో యజమాని పక్షానే ఉంది. 500 డాలర్లు దాటిన ఏ గృహ మరమ్మతు ఒప్పందమైనా రాతపూర్వకంగా ఉండాలి. అందులో మొత్తం ధర, పని మొదలయ్యే, ముగిసే తేదీలు, 13వీహెచ్‌తో మొదలయ్యే కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీమా సర్టిఫికేటు ప్రతిని జతచేయాలి. సంతకమైన ప్రతి అందిన తరువాత మూడో పనిదినం అర్ధరాత్రి లోపు ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మనకు ఉంటుంది. వీటన్నింటికంటే ముఖ్యమైన నిబంధన ఒకటుంది, దాన్ని చాలామంది చదవరు: మధ్యలోగానీ చివరగానీ తనిఖీలు తప్పనిసరైన పనుల్లో, ఆ తనిఖీ సర్టిఫికేట్ల ప్రతులను కాంట్రాక్టర్ యజమానికి అందజేసిన తరువాతే చివరి చెల్లింపు అడగాలి, పని పూర్తయినట్టు సంతకం కోరాలి. అవసరమైన పర్మిట్లు రాకముందే పని మొదలుపెట్టకూడదని కూడా అదే నియమావళి చెబుతుంది.

ఈ నిబంధనను చూపించి పట్టికను మార్చమని అడిగాము. సంస్థ యజమాని మొదట ఒప్పుకోలేదు. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొస్తాడో తన చేతిలో లేదని, పనివారికి మాత్రం ప్రతి వారం కూలి ఇవ్వాలని అన్నాడు. అది న్యాయమైన మాటే. తనిఖీకి కనీసం 24 గంటల ముందు తెలియజేయాలి, అడిగిన సమయం నుంచి మూడు పనిదినాల్లోగా టౌన్‌షిప్ తనిఖీ చేయాలి అన్న నియమం ఉన్నా, ఒక తనిఖీ తప్పితే వారమంతా పని ఆగిపోవచ్చు. అందుకే పనివారు ఇబ్బంది పడకుండా సంతకానికి 10 శాతం, ఫ్రేమింగ్ ముగిశాక 20 శాతం ఇచ్చి, రఫ్ తనిఖీలన్నీ (గోడలు మూయకముందు పైపులు, వైర్లు, చట్రం చూసేవి) ఆమోదం పొందాక 35 శాతం, డ్రైవాల్, టైల్స్ పూర్తయ్యాక 20 శాతం, చివరి సర్టిఫికేటు చేతికి వచ్చాక 15 శాతం అన్న పట్టికకు ఇద్దరమూ ఒప్పుకున్నాము.

ఆ పట్టిక విలువ రఫ్ తనిఖీ రోజునే తెలిసింది. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ టార్చిలైటుతో ఒక్కొక్క స్టడ్‌నూ చూసుకుంటూ వెళ్ళి, స్నానాలగది గోడ దగ్గర ఆగాడు. వైరు కోసం స్టడ్‌కు వేసిన రంధ్రం అంచుకు ఒకటింపావు అంగుళం కంటే దగ్గరగా ఉంటే, దాని మీద ఉక్కు పలక కొట్టాలి. లేకపోతే డ్రైవాల్ బిగించే స్క్రూ నేరుగా వైరులోకి దిగే ప్రమాదం ఉంది. ఆ గోడలో పలకలు లేవు. అదే రోజు వచ్చిన బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్, గోడ వెనుక ఖాళీ పై కప్పు జాయిస్టులతో (దూలాలతో) కలిసే చోట ఫైర్‌బ్లాకింగ్ (మంటను ఆపే అడ్డు) లేదని రాశాడు. అది లేకపోతే కింద పుట్టిన మంట ఆ సందులోంచి పై అంతస్తుకు పాకుతుంది. రెండింటికీ ఆమోదం లేదని ఎర్ర స్టిక్కర్లు పడ్డాయి. అయినా ఆ సాయంత్రమే 35 శాతానికి బిల్లు వచ్చింది, అవి చిన్న లోపాలేనన్న సందేశంతో. లోపాలు చిన్నవే, పలకలు కొట్టడానికి ఒక పూట చాలింది. కానీ డ్రైవాల్ మూసేస్తే అవి ఎవరికీ కనిపించవు, ఆ గదిలో పడుకునేది మా పెద్దవాళ్ళు. మళ్ళీ తనిఖీ జరిగి, ఆమోదానికి గుర్తుగా పచ్చ స్టిక్కర్ పడిన రోజునే చెక్కు ఇచ్చాము.

పడకగది విషయంలో మరొక మాట. ప్లానులో దాన్ని ఆఫీసు గది అని చూపిస్తే పెద్ద కిటికీ ఖర్చు తప్పుతుందని వారు సూచించారు. ఈ సలహా ఇక్కడ చాలా ఇళ్ళలో వినిపిస్తుంది, వినకూడని సలహా అది. బేస్‌మెంట్ పడకగదికి అత్యవసర సమయంలో బయటపడే కిటికీ కావాలి. తెరిచినప్పుడు ఖాళీ సాధారణంగా 5.7 చదరపు అడుగులకు తగ్గకూడదు, కిటికీ అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలకు మించకూడదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు పొగ నిండిన మెట్లెక్కి రాలేరు. కిటికీ పెట్టించాము, పునాది గోడను కోసి, బయట విండో వెల్ (కిటికీ ముందు గుంత) అమర్చిన పని మాత్రం చాలా చక్కగా చేశారు.

చివరి తనిఖీలో కొత్త స్మోక్ అలారాలు పై అంతస్తు అలారాలతో అనుసంధానమై మోగడం లేదని ఇన్‌స్పెక్టర్ ఆమోదం ఆపాడు. పని అంతా అయిపోయింది, సర్టిఫికేటు కేవలం కాగితమే, మిగిలిన డబ్బు ఇవ్వమని మళ్ళీ ఫోను వచ్చింది. అది కేవలం కాగితం కాదు. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి లాయరు టౌన్‌షిప్ రికార్డులు అడిగి తెప్పించుకుంటాడు. మూసివేయని పర్మిట్ కనిపిస్తే దాన్ని మూయించాల్సిన భారం అప్పటి యజమానిది, అంటే మనదే అవుతుంది. అప్పటికి కాంట్రాక్టర్ ఫోను ఎత్తుతాడన్న నమ్మకం ఎవరికి ఉంటుంది? 15 శాతం మా దగ్గరే ఉండడం వల్ల ఎలక్ట్రీషియన్ వెంటనే వచ్చి అలారాలను కలిపాడు. తరువాత సర్టిఫికేటు ప్రతితోపాటు, ప్లంబరుకూ ఎలక్ట్రీషియన్‌కూ బాకీ లేదని వారి సంతకాలతో లియన్ వేవర్లు (ఇంటి మీద బాకీ హక్కు కోరబోమన్న పత్రాలు) కూడా సూపర్‌వైజరు తెచ్చి ఇచ్చాడు. అవి చూసుకుని చివరి చెక్కు రాశాము. ఇంకో పని ఉంటే ఈ సంస్థనే పిలుస్తాము, కానీ ఇదే పట్టిక మీద, అదే సూపర్‌వైజరు పర్యవేక్షిస్తానంటేనే.